వడగళ్ళమ్మ కుడికాలు

వడగళ్ళమ్మ నా బేరం. ఆవిడ అసలు పేరేమిటో మా చెప్పుల షాపులో ఎవరికీ తెలియదు. తలుపు తోసుకుని లోపలికి రాగానే నెత్తిన వడగళ్ళు పడ్డట్టు తిట్లు మొదలవుతాయి గనక ఆ పేరు. పెట్టింది కూడా నేనే. "ఇవి చెప్పులా, ఇటుకలా?" "ఈ తోలు ఏ జంతువుదమ్మా, బతికుండగా కూడా ఇంత మొండిగానే ఉండేదా?" "నీవి చేతులా, పట్టకార్లా?" ఆవిడ నీడ గుమ్మంలో పడితే చాలు, మా వాళ్ళలో ఒకరికి దాహం వేసేది, ఇంకొకరికి గోదాంలో పని గుర్తొచ్చేది. నేనొక్కదాన్నే చిన్నపీట లాక్కుని ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. ఏడాదికి రెండుసార్లు చొప్పున పదకొండేళ్ళు. ఒక్కనాడూ ఎదురు మాట అనలేదు. తల వంచుకుని ఒక జత విప్పడం, ఇంకో జత తొడగడం, అంతే.

"మా పెద్దక్కది భూదేవంత ఓర్పు" అని మేనేజరు కొత్తగా చేరినవాళ్ళకి నన్ను చూపించేవాడు. ఆ మాట వింటే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతాడు. "షాపులో మింగిందంతా ఇంటికొచ్చి నా మీద కక్కుతావు. నీ ఓర్పు సంగతి నన్నడగమను" అంటాడు. నిజమే, కాదనను. కోపం ఎక్కడికి పోతుంది? కడుపులో పెట్టుకున్నంత మాత్రాన అరిగిపోదు కదా.

ఈ నెలాఖరుకి మా ఇన్‌చార్జి ఆవిడ మానేస్తోంది, ఆర్నెల్ల ముందే చెప్పేసింది. గల్లాపెట్టె పక్కన ఆవిడకో కుర్చీ ఉంది, వీపు ఆనించుకునే కుర్చీ. పీట మీద కూర్చుని లేచి, కూర్చుని లేచి నా మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్లు దిగుతుంటే పక్కవాళ్ళకి వినపడేలా చప్పుడు చేస్తాయి. నాకా కుర్చీ కావాలి. "కోపం రాని మనిషికే ఇస్తా" అన్నాడు మేనేజరు. అంటే నాకే అనుకుని, లోలోపల దాని మీద కూర్చుని కూడా చూసుకున్నాను. నాలుగు నెలల కిందట చిలక చేరేదాకా.

చిలక అంటే కొత్తగా వచ్చిన అమ్మాయి. పని వచ్చు, ఎందుకు అబద్ధం చెప్పాలి, కానీ నోరు మూతపడదు. వచ్చినవాళ్ళందరితో కబుర్లే, వేళాకోళాలే. ఎవరైనా తిడితే, "అయ్యో, పొద్దున్నుంచీ ఎవరి మీదో ఉన్న కోపం పాపం నా నెత్తిన దిగింది" అని వాళ్ళ మొహం మీదే అంటుంది. నేనలా అంటే ఆ సాయంత్రానికి ఉద్యోగం ఊడేది. అదంటే వాళ్ళు నవ్వుతారు. మళ్ళీ వచ్చినప్పుడు "ఆ పిల్లేదీ?" అని వెతుక్కుంటారు. నాకోసం ఏనాడూ ఎవరూ వెతుక్కోలేదు. నాకు కుళ్ళు. ముద్దుగా ఇంకో పేరు పెట్టడమెందుకు, కుళ్ళే. దాని నవ్వు వినపడితే ముద్ద గొంతు దిగేది కాదు.

ఆ రోజు నేను భోజనం చేసి వచ్చేసరికి వడగళ్ళమ్మ చెప్పులు వేసి చూసుకునే కుర్చీలో ఉంది. ఆవిడ కాళ్ళ దగ్గర, నా పీట మీద, చిలక ఉంది.

నవ్వే మనుషులందరినీ లాక్కుంది, ఇప్పుడు తిట్టే మనిషిని కూడానా! మరుక్షణంలోనే ఒక సంగతి గుర్తొచ్చి కాస్త చల్లబడ్డాను. వడగళ్ళమ్మ ఎడమ పాదం ఆరో నంబరు, కుడిది ఏడు. మొదటి ఏడాదే వేళ్ళతో తడిమి పసిగట్టాను. ఆవిడతో అనలేదు, ఇంకెవరితోనూ అనలేదు. గోదాంలోకి వెళ్ళి రెండు పెట్టెల్లోంచి చెరొకటి తీసి తెచ్చి, చప్పుడు చేయకుండా తొడిగేదాన్ని. మిగిలిన రెండింటినీ జత తప్పు వచ్చిందని కంపెనీకి తిప్పి పంపేదాన్ని. ఏడాదికి రెండుసార్లు ఎవడికి కళ్ళు తిరుగుతున్నాయో అని ఆ కంపెనీవాళ్ళు తలలు పట్టుకునే ఉంటారు.

"పెద్దక్కా, ఈ అమ్మగారికి ఏ నంబరు తేవాలి?" అని అడిగింది చిలక.

"ఆరు" అన్నాను.

అబద్ధం కాదు, సగం నిజం. పక్క అరలో పాలిష్ డబ్బాలు సర్దుతున్నట్టు నిలబడి చెవులు రిక్కించాను.

ఆరు కుడికాలిని నొక్కింది. "నా వేళ్ళు తుంచడానికి ఎంత తీసుకుంటావే?" అని మొదలైంది వాన. చిలక పరుగెత్తి ఏడు తెచ్చింది. ఎడమది ఊడి నేల మీద పడింది. "నాకా, మా తాతకా ఇవి?" వడగళ్ళు టపటపా పడుతుంటే, చెబితే పాపం గానీ, నాకు ప్రాణం లేచొచ్చింది. గొడవ విని మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు. ఇక నన్ను పిలుస్తాడు, నేను వెళ్తాను, క్షణంలో సద్దుమణుగుతుంది, కుర్చీ ఎవరిదో తేలిపోతుంది అనుకున్నాను.

చిలక ఆవిడ పాదాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఓహో! అమ్మగారూ, మీ పాదాలు కవలలు కావండీ, తోబుట్టువులు! కుడిది ఓ ఏడాది పెద్దది. ఇంతసేపూ చెప్పరేం?" అంది, షాపంతా వినపడేలా.

అందరూ నోళ్ళు తెరిచారు. అయిపోయింది దీని పని అనుకున్నాను.

వడగళ్ళమ్మ నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ముప్ఫై ఏళ్ళుగా ఎవరైనా చూసి అనేస్తారేమోనని, వాళ్ళకంటే ముందు నేనే అరిచేదాన్నే. తీరా అనేస్తే ఇంతేనా!" అంటూ దాని బుగ్గ గిల్లింది. మేనేజరు కూడా నవ్వుతున్నాడు.

"ఇంతేనా?" అన్నారెవరో. చూస్తే నేనే. "ఇంతేనా ఏమిటండీ! పదకొండేళ్ళు! ఆరొకటి, ఏడొకటి ఏరి తెచ్చి తొడిగింది నేను! మీ గుట్టు కడుపులో దాచుకుంది నేను! పట్టకార్లన్నారు, మొద్దన్నారు, కిక్కురుమన్నానా? అది నిన్నగాక మొన్నొచ్చి పళ్ళికిలిస్తే బుగ్గ గిల్లుతారా?"

చేతిలోని డబ్బా జారి, దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకుంది. మేనేజరు నవ్వు ఆగిపోయింది. నా వైపు చూడనైనా చూడకుండా, "అమ్మాయ్, రేపు పొద్దున్నే ఒకసారి నా గదికి రా" అన్నాడు చిలకతో. ఎందుకో అందరికీ తెలుసు.

వడగళ్ళమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వా? పోవమ్మా. నాకు చెప్పులు తొడిగే మనిషి వేరు. నోట్లో నాలుక లేని మనిషి, నేనెన్నన్నా తలెత్తేది కాదు. మొహం ఎలా ఉంటుందో కూడా నేనెరగను. ఒకరి మంచితనం నీదని చెప్పుకోకు, తప్పు."

"ఈవిడే అమ్మగారూ, ఒట్టు" అంది చిలక. చివరికి నా తరఫున అది సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

"ఊరుకోవే, మొన్నొచ్చావు, నీకేం తెలుసు?" వడగళ్ళమ్మ గొంతు తగ్గింది. పదకొండేళ్ళలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఇంటికెళ్ళాక ఎన్నిసార్లు అనుకున్నానో, ఈసారైనా ఆవిడకో మంచిమాట చెప్పాలని. ఇక్కడ కూర్చోగానే నా పాడునోరు ఊరుకోదు. ఏదీ ఆవిడ? ఒకసారి పిలవండమ్మా."

నేనేనని మళ్ళీ అనొచ్చు. తల వంచుకుని పీట మీద కూర్చుంటే, పాపిట చూసి గుర్తుపట్టేదేమో కూడా. కానీ ఆ నోరులేని మనిషి కోసం ఆ ముసలావిడ గొంతు అంత మెత్తబడుతుంటే నాకు ఒళ్ళు భగ్గున మండింది. చిలక మీద ఇన్నాళ్ళూ పడ్డ కుళ్ళు దీని ముందు ఏపాటిది!

"ఆవిడ మానేసిందమ్మా" అన్నాను.