పది గ్రాములు

నేను కాటాలు బాగుచేస్తాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే పని. కూరగాయల అంగడి కాటా ఎక్కువ చూపిస్తున్నా, మందుల షాపు కాటా సున్నా దగ్గర కుదురుగా నిలబడకపోయినా తెచ్చి నా బల్ల మీద పెడతారు. కచ్చితమైన బరువున్న పరీక్ష రాళ్లు ఒక్కొక్కటే పెట్టి చూసి, కింద మూత విప్పి, సరిచేసి పంపిస్తాను. మా ఆయన పోయాక షాపు నా చేతికొచ్చింది. ఇప్పుడు మా అబ్బాయి కూడా నా పక్కనే కూర్చుని పనిచేస్తాడు. షాపు కింద, ఇల్లు పైన. వీధిలో అందరూ నన్ను కాటా అత్త అంటారు. ముక్కు మీద కోపం ఉన్న మనిషినని కూడా అంటారు, అదీ నిజమే. ఈ పని తెలియని వాళ్లెవరైనా నేను చేసిన తప్పు చేసి ఉంటే సరేలే అనుకోవచ్చు. నాకు ఆ వీలు లేదు.

మా కోడలు సిటీ బస్సు నడుపుతుంది. ఏడో నెల నిండేదాకా స్టీరింగు వదల్లేదు. ఒకసారి అనుకుందంటే ఆ పని అయ్యేదాకా ఊరుకోదు. పాపకి తన పాలే పట్టాలని కాన్పుకి ముందే అనుకుంది. పాప పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. గుప్పెడంత ఉందని నేను గుప్పెడు అని పిలిచాను, అసలు పేరు పెట్టేలోపు అదే నిలిచిపోయింది.

గుప్పెడికి పాలు తాగడం వచ్చేది కాదు. నోరు పెద్దగా తెరిచేది, పట్టుకునేది, నాలుగు గుక్కలకే జారిపోయేది. తాగుతున్నంతసేపూ నోట్లోంచి టక్కు టక్కుమని చప్పుడు. మళ్లీ పట్టుకునేది, మళ్లీ జారేది. గంటసేపు ఇదే తంతు. చివరికి అలసిపోయి నిద్రపోయేది, అరగంటకే ఆకలితో లేచి గుక్కపట్టి ఏడ్చేది. కోడలమ్మాయికి రొమ్ములు చిట్లి నెత్తురు వచ్చేది. పాప నోరు పెట్టిన ప్రతిసారీ కాలి వేళ్లు ముడుచుకుని, పళ్ల బిగువున భరించేది. నేనేమో ఊరుకోకుండా, "నాకెప్పుడూ ఇంత కష్టం కాలేదమ్మా" అనేదాన్ని. ఆ మాట వల్ల ఎవరికేం ఒరుగుతుందో అప్పుడు ఆలోచించలేదు.

తొమ్మిదో రోజు ఆస్పత్రికి వెళ్లాం. అక్కడ తల్లులకి పాలివ్వడంలో సాయం చేసే నర్సు ఒకామె ఉంది. మేం ఆమెని పాల నర్సు అనుకునేవాళ్లం. ఆమె గదిలో నాలుగు కుర్చీలు, కుర్చీకో దిండు, చేతులు కడుక్కునే తొట్టి, కిటికీ పక్కన కాటా. అలవాటు కొద్దీ ముందు ఆ కాటా మట్టంగా ఉందో లేదో చూశాను. బాగానే ఉంది. పాపని పడుకోబెడితే రెండు కిలోల ఆరు వందల యాభై చూపించింది. పుట్టిన బరువు కంటే పావు కిలో తక్కువ. అమ్మాయి మొహం వాడిపోయింది.

బయట ఇంకా పదకొండు మంది తల్లులు వరసలో ఉన్నారు. నర్సు పాపని పట్టుకునే పద్ధతి చూపించింది, పాప నోరు పైపైన చూసింది. "నాలుక ముందుకి బాగానే వస్తోంది. కానీ కొందరు పిల్లలకి నాలుక కింద పొర బిగుసుకుని ఉంటుంది. నాలుక పైకి లేవదు, పట్టు దొరకదు. అది పైకి కనపడకపోవచ్చు. ఒక్క వారం రోజూ బరువు తూచి రాయండి. పెరక్కపోతే వచ్చే మంగళవారం నోటి డాక్టరుగారొస్తారు, చూపిద్దాం. పొర ఉంటే చిన్నగా కత్తిరిస్తారు" అంది. డాక్టరుగారికి ఒక చీటీ కూడా రాసిచ్చింది.

"పాలు చాలకపోతే?" అని అడిగింది అమ్మాయి.

"నీ పాలే గిన్నెలోకి పిండుకుని చెంచాతో పట్టు. అదీ చాలకపోతే డబ్బా పాలు పట్టు, తప్పేం కాదు. కానీ ఎన్నిసార్లు, ఎంత పట్టావో రాయి. రాయకపోతే నాకేం తెలీదు."

నాకు అందులో ఒక్క మాటే చెవిన పడింది. కత్తిరిస్తారు. వేలెడంత పాప నోట్లో కత్తెర పెడతారట. ఇంటికొచ్చేదాకా నాకు అదే కళ్ల ముందు ఆడింది.

మర్నాడు అమ్మాయి స్నానానికెళ్లి, వచ్చి కాసేపు నడుం వాల్చింది. పాపని నేను కిందికి తెచ్చుకున్నాను. గుప్పెడు ఏడుపు మొదలుపెట్టింది. మా అబ్బాయి ఒక కాటా ఇచ్చిరావడానికి వెళ్లాడు. ముందు రోజే కొనిపెట్టిన పాలపొడి డబ్బా షాపు వెనక గదిలో ఉంది. కొన్నదెప్పుడంటారా, ఆస్పత్రి నుంచి వస్తూ, అబ్బాయీ అమ్మాయీ ఆటో దగ్గర నిలబడితే మందులని చెప్పి. కలిపాను, సీసాతో పట్టాను. గుప్పెడు గటగటా తాగింది. సీసా పీక నుంచైతే నాలుకతో పనిలేకుండానే పాలొస్తాయని నాకప్పుడు తెలీదు. తాగి, నా చేతుల్లో గుండ్రాయిలా నిద్రపోయింది. ఆ నిద్ర చూసి నేను చేసింది సరైనదేనని గట్టిగా అనుకున్నాను.

ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు.

బరువు పెరిగింది. రోజుకి పాతిక, ముప్ఫై గ్రాములు, ఒకరోజు నలభై. అమ్మాయి ప్రతి ఉదయం ఇంట్లో ఉన్న మామూలు కాటా మీద తూచి, బస్సు ట్రిప్పుల షీటు వెనక రాసి అల్మారా తలుపుకి అతికించేది. "చూశారా అత్తయ్యా, నా పాలే" అనేది. ఆ మాటకి నేను తలూపేదాన్ని. వారం తర్వాత మళ్లీ ఆస్పత్రికి వెళ్తే పాల నర్సు ఆ కాగితం చూసి సంతోషపడింది. "నొప్పి తగ్గిందా?" అని అడిగింది. "తగ్గలేదు, కానీ పాప పెరుగుతోందిగా, ఓర్చుకుంటాను" అంది అమ్మాయి. "బరువు ఇలా పెరుగుతుంటే డాక్టరుగారి దాకా అక్కర్లేదులే. నొప్పి తగ్గకపోతే మాత్రం ఇంట్లో ఒకసారి పాలు పట్టేముందు, పట్టాక తూచి చూడు. తేడా యాభై, అరవై గ్రాములు ఉండాలి" అని చీటీ వెనక్కి తీసుకుంది.

గండం గడిచిందనుకున్నాను. గడవలేదు. అమ్మాయి ఇంకా మొండిగా భరించడం మొదలుపెట్టింది. పాలివ్వడానికి కూర్చునే ముందు తువ్వాలు మడిచి పళ్ల మధ్య పెట్టుకునేది. నేను పక్క గదిలో ఉండి ఆ తువ్వాలు సంగతి తెలిసి కూడా సీసా కడుక్కునేదాన్ని. ఏం మనిషినో నేను.

ఇరవయ్యొకటో రోజు, ఆదివారం. షాపు మూసే ఉంది. అమ్మాయి మా అబ్బాయితో, "కింద నుంచి మంచి కాటా ఒకటి తెచ్చిపెట్టు, నర్సు చెప్పినట్టు తూచి చూద్దాం" అంది. వాడు షాపులోకెల్లా మంచిదే తెచ్చాడు, అయిదు గ్రాముల తేడా కూడా పట్టేది. గుప్పెడిని పడుకోబెట్టారు. రెండు కిలోల తొమ్మిది వందల ఎనభై. తర్వాత అమ్మాయి నలభై నిమిషాలు పాలిచ్చింది, చెమటలు కక్కుతూ. అవే బట్టలతో, అదే దుప్పటితో మళ్లీ పడుకోబెట్టారు.

రెండు కిలోల తొమ్మిది వందల తొంభై.

"పది గ్రాములా?" అంది అమ్మాయి. మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది. అదే అంకె. "కాటా తప్పు చూపిస్తోంది. రోజుకి ముప్ఫై పెరిగే పిల్ల నలభై నిమిషాల్లో పది గ్రాములు తాగడమేంటి? అత్తయ్యా, ఇది పాడైంది కదా?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ ఇంట్లో కాటా గురించి చివరి మాట నాది. పాడైందంటే సరిపోయేది. అన్నాను కూడా. "అయి ఉంటుంది, పాతది కదా" అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో మంచి కాటాని పాడైందనడం అదే మొదటిసారి.

మా అబ్బాయి ఊరుకునే రకం కాదు, నా చేతి కింద పని నేర్చినవాడు. కిందికెళ్లి పరీక్ష రాళ్ల పెట్టె తెచ్చాడు. కిలో రాయి పెట్టాడు, రెండు కిలోలు పెట్టాడు, నాలుగు మూలలా మార్చి చూశాడు. పది గ్రాముల రాయి ఒక్కటే పెట్టాడు. అన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. "కాటా బాగానే ఉందమ్మా. నువ్వు చూడు" అన్నాడు.

నేను చూడలేదు. అమ్మాయి తన గుండెల వైపు చూసుకుంటోంది, వాటిలోనే ఏదో లోపం ఉన్నట్టు. "అంటే నాకు పాలే లేవన్నమాట" అంది మెల్లగా. మరి పిల్ల ఎలా పెరిగిందన్న ప్రశ్న ఆ దిగులులో ఆమెకి ఇంకా తట్టలేదు. తట్టేదాకా కుక్కిన పేనులా పడి ఉండొచ్చు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకిక చేతకాలేదు.

"నేను సీసా పడుతున్నాను" అన్నాను. "రోజూ. నువ్వు పడుకున్నప్పుడు."

అమ్మాయి అరవలేదు. అరిస్తే బాగుండేది, నేను కూడా తిరిగి అరిచి తేలికపడేదాన్ని. "ఎన్ని రోజుల్నించి?" అంది.

"పన్నెండు."

"రోజుకి ఎంత?"

"రెండు సీసాలు. సీసాకి తొంభై."

ఆమె అల్మారా తలుపు మీది కాగితం దగ్గరికెళ్లి, ప్రతి అంకె పక్కనా నూట ఎనభై అని రాసింది. పన్నెండుసార్లు. మా అబ్బాయి నా మొహం చూడకుండా రాళ్లు పెట్టెలో సర్దాడు.

"ఎందుకు అత్తయ్యా?"

"దాని నోట్లో కత్తెర పెడతారని" అన్నాను. ఇంకేదో కూడా చెప్పబోయాను, ఏడుపు వినలేకపోయానని. అది సగమే నిజం.

"నాకు చెప్పి పట్టుంటే నేను కూడా రాసుకునేదాన్ని. నర్సు అప్పుడే చూసేది." కాగితం తలుపు నుంచి పీకి మడిచి నా చేతిలో పెట్టింది. "రేపు మీరూ రండి. నేను చెప్పను. మీరే చెప్పండి."

మర్నాడు ఆ గదిలో నలుగురు తల్లులు కూర్చుని ఉన్నారు. వాళ్లందరి ముందూ చెప్పాను. మొదట నీళ్లు నమిలాను, తర్వాత గబగబా చెప్పేశాను. తల కొట్టేసినట్టయింది. పాల నర్సు కాగితం చదివి, నన్ను తిట్టలేదు. "ఇలాంటివి ఇక్కడ వారానికి ఒకటి వింటాను పెద్దమ్మా. చెప్పేవాళ్లు తక్కువ" అంది. తర్వాత చేతికి తొడుగు వేసుకుని గుప్పెడి నాలుక కిందికి చిటికెన వేలు పోనిచ్చింది. ఈసారి తొందరపడలేదు. "ఇదిగో, వెనకవైపు ఉంది. తాడులా తగులుతోంది" అంది. అమ్మాయి చేయి కడుక్కుని తనే తాకి చూసింది. "నా తప్పు కాదన్నమాట" అంది, ఎవరితోనూ కాదు.

మంగళవారం నోటి డాక్టరు ఒక నిమిషంలో పని ముగించాడు. గుప్పెడిని దుప్పట్లో బిగించి చుట్టారు, తల నర్సు పట్టుకుంది. నేను తలుపవతల నిలబడ్డాను. పాప ఏడ్చింది, నేను లెక్కపెట్టుకుంటూ ఉంటే ఇరవైకి రాకముందే ఆగింది. లోపలికెళ్లి చూస్తే అమ్మాయి అప్పటికే పాలిస్తోంది. తెల్ల గుడ్డ మీద మినపగింజంత నెత్తురు. దీనికా నేను పన్నెండు రోజులు దొంగతనం చేసింది.

ఆ కత్తిరింపుతో అంతా అయిపోలేదు. నాలుకకి కొత్తగా పని నేర్పాలని, పాలు తగ్గిపోయాయి కాబట్టి మళ్లీ పెంచాలని నర్సు చెప్పింది. పాలిచ్చాక ప్రతిసారీ పంపుతో పిండమంది. సీసా ఒక్కసారిగా ఆపొద్దని, రోజుకింత తగ్గించుకుంటూ రమ్మని కొలత రాసిచ్చింది. రెండు రోజులకోసారి వెళ్లేవాళ్లం. ఆమె అమ్మాయి మోచేయి కింద దిండు సర్దేది, పాప గడ్డం ఎక్కడ ఆనాలో చూపించేది, పక్కన మోకాళ్ల మీద కూర్చుని తాగినంతసేపూ వినేది. టక్కు టక్కు చప్పుడు మొదటి వారం ఉంది, రెండో వారానికి తగ్గింది. తువ్వాలు మళ్లీ బట్టల తాడు మీదికెళ్లింది.

ఆ రోజుల్లో అమ్మాయి నాతో మామూలుగానే మాట్లాడింది. అన్నం తిన్నారా, షాపుకెళ్తున్నారా, అన్నీ అడిగేది. పాపని మాత్రం నా చేతికివ్వలేదు. స్నానానికెళ్తే మా అబ్బాయికిచ్చి వెళ్లేది, వాడు లేకపోతే ఉయ్యాల స్నానాల గది తలుపు దగ్గరికి లాక్కుని వెళ్లేది. ఎందుకని నేను అడగలేదు, అడిగే మొహం లేదు. సీసాలు కడిగాను, పంపు గొట్టాలు వేడినీళ్లలో ఉడికించాను, ఎంత పట్టారో ఎవరూ అడక్కుండానే రాశాను.

కత్తిరింపు అయిన పదహారో రోజున ఆఖరి సీసా మానేశారు. ఆ మధ్యాహ్నం అమ్మాయి మళ్లీ అదే కాటా మీద తూచింది. ఇరవై నిమిషాలు పాలిచ్చింది, తువ్వాలు లేదు, వేళ్లు ముడుచుకోలేదు. మళ్లీ తూచింది. అంకె తనే చదివింది. "అరవై అయిదు" అంది. ఇంకోసారి చూసి, "అరవై అయిదే" అని ఏడ్చింది. మా అబ్బాయి కూడా పక్కకి తిరిగి మొహం తుడుచుకున్నాడు. నాకు కళ్లు మసకలు కమ్మి కాటా కనపడలేదు.

ఏడుపు ఆపుకుని, ఆమె గుప్పెడిని దుప్పటితో సహా ఎత్తి, నా దగ్గరికొచ్చి నా ఒళ్లో పెట్టింది. "కాసేపు ఉంచుకోండి అత్తయ్యా, నేను పడుకుంటాను" అంది. రెండడుగులు వేసి ఆగింది. "ఆకలేస్తే మాత్రం నన్ను పిలవండి."

పిలుస్తానన్నాను. గుప్పెడు గంటన్నర పడుకుంది, తర్వాత పెదాలు చప్పరించడం మొదలుపెట్టింది. ఇంకా ఏడుపు కూడా అందుకోలేదు. పక్క గదిలో అమ్మాయి గాఢనిద్రలో ఉంది, గురక నాకు వినిపిస్తోంది. పాపం, ఎన్ని రోజులకి పడుకుందో.

లేచి వెళ్లి పిలిచాను.