తల కాదండి

తబిత మూడు వారాలుగా పక్కవాళ్ల అంకెలే అప్పజెబుతోంది.

భీమవరంలో నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఆ అమ్మాయిని, కాలవ గట్టు మీదున్న ఓ చిన్న ఊరి ప్రభుత్వాసుపత్రికి కాన్పుల డ్యూటీకి వేశారు. నొప్పులతో వచ్చినవాళ్లకి లోపల పరీక్ష చేసి, గర్భసంచి ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో చెప్పాలి. ముందు హెడ్ సిస్టర్ సూర్యకాంతమ్మగారు చూసి చార్టులో రాస్తారు. తరవాత తబిత చూస్తుంది. "ఎంతుందమ్మా?" అని ఆవిడ అడిగితే, అప్పటికే ఓరకంట చదివేసిన అంకె చెప్పేస్తుంది. నిజానికి ఆమె వేళ్లకి ఏమీ తెలియడంలేదు. వెచ్చగా, మెత్తగా, అంతా ఒకేలా ఉంటుంది. తోటి విద్యార్థిని రెబెక్కా మొదటిరోజే టకీమని "నాలుగండి" అని సరిగ్గా చెప్పేసింది. ఆ సాయంత్రం బస్సులో తబిత తన రెండు వేళ్లూ చాపి స్కేలు మీద పెట్టి కొలుచుకుంది. పక్క సీటులో ముసలావిడ వింతగా చూస్తే చేతులు పైటలోకి లాక్కుంది.

దొరికిపోయే రోజు వస్తుందని తెలుసు. అది ఎవరి ప్రాణం మీదికి తెస్తుందోనని ఆమె బెంగ.

ఆ మంగళవారం రెబెక్కా సెలవు పెట్టింది. మధ్యాహ్నం రెండింటికి కాన్పుల గదిలో ఇద్దరు పేషెంట్లున్నారు. కర్టెనుకి అవతల అప్పుడే కాన్పయిన మనిషికి రక్తం ఆగడంలేదు. సూర్యకాంతమ్మగారు ఆమె పొట్ట అదిమి పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. ఇవతల ఉషారాణి. రెండో కాన్పు. మొగుడు చేపల చెరువుల మీద మేత చల్లుతాడు. పొద్దున్న సూర్యకాంతమ్మగారు చూసి "తల పైనే ఉంది, నాలుగు" అని చార్టులో రాశారు.

"అమ్మాయిగారూ, నీళ్లు పోయాయండి. ముక్కాలనిపిత్తందండి," అంది ఉషారాణి మంచం కడ్డీ పట్టుకుని.

తబిత దుప్పటి తొలగించి చూసింది. నల్లగా, పచ్చగా, చిక్కగా ఏదో అంటుకుని ఉంది. బిడ్డ లోపలే మలం విసర్జించిందన్నమాట.

"మేడం! నీళ్లు పచ్చగా వచ్చాయండి!"

"బిడ్డ గుండె విను!" అన్నారు ఆవిడ అవతల్నుంచి.

డాప్లర్ యంత్రం పొట్ట మీద పెట్టింది. ఎప్పుడూ పొత్తికడుపు దగ్గర దొరికే చప్పుడు ఇవాళ బొడ్డుకి పైన దొరికింది. "నూట ఇరవయ్యండి!" అని కేకేసింది.

"బాగానే ఉంది. గ్లవ్స్ తొడుక్కుని లోపల చూడు. నేను ఇక్కడ చెయ్యి తియ్యలేను తల్లీ."

ఇప్పుడు చదవడానికి అంకె లేదు. గ్లవ్సు తొడుక్కుంటుంటే ఓ వేలు ఎక్కక, రెండోసారి లాగింది.

"కాస్త ఊపిరి తీసుకోండక్కా. ముక్కకండి," అంది.

వేళ్లు లోపలికి వెళ్లాయి. ముఖద్వారం అంచు కోసం వెతికింది. ఎటు తిప్పినా అంచు తగల్లేదు. ముందుకొచ్చి ఉన్నది మాత్రం తగిలింది. మెత్తగా ఉంది. ఎముక గట్టిదనం ఎక్కడా లేదు. నడిమి నుంచి ఓ గాడి. వేలు బయటికి తీస్తే కొనకి జిగురుగా నల్లటి మలం.

"ఎంత?" అన్నారు సూర్యకాంతమ్మగారు.

"పూర్తిగా తెరుచుకుందండి, తల కిందికొచ్చింది" అంటే సరిపోతుంది. ముప్ఫయ్యేళ్ల అనుభవమున్న మనిషి చార్టులో తల అనే రాశారు. కాదనడానికి తానెవరు? నోరు తెరిచింది. ఉషారాణి ఆమె ముఖంలోకే చూస్తోంది.

"తల కాదండి," అంది తబిత.

"ఏంటి? పొద్దున్న నేను చూశానుగా."

"మేడం, నాకు ఇంతవరకూ ఎంత తెరుచుకుందో ఒక్కసారీ తెలీలేదండి. మీరు రాసింది చూసి చెప్పేదాన్ని. కాని ఇది తల కాదండి. మెత్తగా ఉంది. పిర్రలనుకుంటానండి."

తిడతారనుకుంది.

"డాక్టర్ భానుశ్రీగారికి ఫోన్ కొట్టు. ఎదురు కాన్పు, టైము లేదని చెప్పు. పరిగెత్తు!"

డాక్టర్ భానుశ్రీ ఓపీ నుంచి చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చింది. చూసి తలూపింది. "పిర్రలే. ఆపరేషన్‌కి పెద్దాసుపత్రికి పంపేలోపు దారిలోనే అయిపోతుంది. ఇక్కడే చేద్దాం. నువ్వు పొట్ట దగ్గర నిలబడు. నేను చెప్పేదాకా నొక్కకు. ఎవరూ లాగొద్దు."

ఉషారాణి ముక్కింది. పిర్రలొచ్చాయి, నీలంగా. నడుమొచ్చింది. డాక్టరు ఒక్కో కాలూ మెల్లగా దించింది. చేతులు వచ్చాయి. అక్కడ ఆగిపోయింది. మెడదాకా బిడ్డ బయట వేలాడుతోంది, తల లోపలుంది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చప్పుడు తబితకి వినిపిస్తోంది.

"ఇప్పుడు! పొత్తికడుపు ఎముక పైన అరచెయ్యి పెట్టి కిందికి నొక్కు!"

తబిత చెయ్యి వేసింది. చర్మం కింద గట్టిగా, గుండ్రంగా తగిలింది. ఇదీ తల. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అది కదిలేదాకా నొక్కింది. ఒక్కసారి జారి, చేతికింద ఖాళీ అయిపోయింది.

ఆడపిల్ల. ఏడవలేదు. గుడ్డముక్కలా వాలిపోయి ఉంది.

అవతల రక్తం ఆగింది. సూర్యకాంతమ్మగారు గ్లవ్సు మార్చుకుని వచ్చి బిడ్డని అందుకున్నారు. తుడిచారు, వీపు రుద్దారు, ముక్కు మీద మాస్కు పెట్టి బ్యాగు నొక్కారు. "బొడ్డుతాడు పట్టుకుని గుండె లెక్కెట్టు," అన్నారు. తబిత రెండు వేళ్లతో పట్టుకుంది. "కొట్టుకుంటోందండి. నెమ్మదిగా... పెరుగుతోందండి."

"నా పిల్ల ఏడవదేంటండీ?" అంటోంది ఉషారాణి.

మళ్లీ నొక్కారు. మళ్లీ. పిల్ల ముక్కు చిట్లించింది. తుమ్మినట్టు చప్పుడు చేసి, తరవాత గది అదిరిపోయేలా ఏడ్చింది.

గంట తరవాత సూర్యకాంతమ్మగారు చార్టు తీసి, పొద్దున్న తాను రాసిన "తల"ని ఒక్క గీతతో కొట్టేసి సంతకం చేశారు.

"మూడు వారాలు నన్ను బాగానే మభ్యపెట్టావు," అన్నారు తలెత్తకుండా.

"క్షమించండి మేడం."

"రేపట్నుంచి ముందు నువ్వు చూడు. తెలీకపోతే తెలీదనాలి. ఇవాళ అన్నావే, అలా."

బయట ఉషారాణి అత్తగారు మనవరాలిని చూసి హడలిపోయింది. పిల్ల కాళ్లు రెండూ నిటారుగా చెవుల దాకా ఎత్తి పడుకుంది.

"ఇదేంటండీ, కాళ్లిలా ఎత్తేసింది? అవిటిదాండీ?"

తబిత ఈసారి లోపలున్న మేడం వైపు తిరిగి చూడలేదు. "కాదండీ మామ్మగారూ. కడుపులో అలాగే మడిచి కూర్చుందండి. కొన్ని రోజుల్లో దానంతటదే దించుకుంటుంది. రేపు పిల్లల డాక్టరుగారు తుంటి కీళ్లు చూస్తారు. బలవంతంగా లాగి నూనె మాత్రం రాయకండి."

"ఆయ్, అలాగేనండి," అంది పెద్దావిడ, పిల్ల పాదం మీద వేలు ఆనించి.