రెండో గొంతు

నంజప్ప చనిపోయిన రోజు పొద్దున తొమ్మిదింటికి ఆయన ఫోను మోగింది. జిగణిలోని పట్టు మిల్లు నుంచి ఎవరో అడిగారు: "అన్న యాడుండాడమ్మా? ఆరో మగ్గం మళ్ళా నిలిచిపోయిండాది."

ఆయన భార్య అక్కయమ్మ ముప్పై రెండేళ్ళు బడిపిల్లలకు ప్రశ్నలు వేసి జవాబులు రాబట్టిన మనిషి. సంగతి చెప్పి ఫోను పెట్టేసింది. చిక్కపేట సందుల్లో మగ్గాల మెకానిక్కుగా మొదలై నలభై ఏళ్ళు ఆయన పోగుచేసుకున్న మగ్గం పనిమాటలన్నీ ఆయనతోనే వెళ్ళిపోయాయనుకుంది.

అన్నీ వెళ్ళలేదు. కిందటి వానాకాలం ఆయన మంచం పట్టినప్పుడు, ఊరికే కూర్చోలేక, మగ్గం గురించి అడుగుతూ ఫోనులో రికార్డు చేసింది. పదకొండు గంటలు. ఆయన పోయాక నాలుగు నెలలపాటు వాటిని తెరవలేదు.

ఆ రికార్డుల సంగతి తెలిసి స్పందన బెళ్ళందూరు నుంచి వచ్చింది. అక్కయమ్మ పాత శిష్యురాలు. మిల్లు కార్మికుల కోసం తెలుగులో భద్రతా పుస్తకాలు తయారుచేసే ఆఫీసులో పదాల పట్టీ చూసేది ఆ పిల్లే.

"ఇది వింటాది, రాస్తాది, పనిమాటలు ఏరి పెడతాది మిస్" అంటూ ల్యాప్‌టాప్‌లో ఏఐకి ఆ పదకొండు గంటలూ అప్పగించింది.

కాఫీ చల్లారకముందే పట్టీ వచ్చింది. అరవై మూడు మాటలు. దేనిమీద నొక్కితే అక్కడ నంజప్ప గొంతు. పరీక్ష ఫలితాల కాగితం అందుకున్నట్టు అక్కయమ్మ కుర్చీ అంచుకు జరిగింది.

"అడ్డపోగు మోసుకుంటూ అటూ ఇటూ పరిగెత్తే నాడె ఉండాదే, దాన్ని సార్ లాళి అంటారు. అది మగ్గంలోంచి ఎగిరి మనిషికి తగిలితే 'లాళి దూకింది' అన్నారు. ఏఐ సొంతంగా ఏం పెట్టిందో చూడండి. 'నాడె బహిర్గమనం'."

"అది చదివేలోపల కన్ను పోతాది" అంది అక్కయమ్మ. ఇద్దరూ నవ్వారు.

"మా ఆఫీసు రూలొకటి ఉండాది మిస్. వేరే వేరే మిల్లుల వాళ్ళు ఇద్దరు అంటేనే ఆ మాట పుస్తకంలోకి పోతాది. మీకు భయం లేదు. అన్నిటికీ రెండు గొంతులున్నాయని ఏఐ టిక్కు పెట్టేసింది. శనివారం ప్రింటుకు పంపిస్తా."

"ఇద్దరెవరు?"

అక్కయమ్మ ఆ మాటమీద నొక్కింది. లాళి దూకతాది, అన్నాడు నంజప్ప. లాళి దూకతాది, అంది వెంటనే ఇంకో గొంతు. తనదే. ఒకరు చెప్పిన జవాబును తరగతంతా వినేలా తిరిగి చెప్పే అలవాటు, ఇంట్లోనూ పోలేదు.

నోరు మెదపకుంటే అరవై మూడూ అచ్చవుతాయి. కాఫీ గ్లాసు పక్కకు జరిపింది.

"రెండో గొంతు నాదే స్పందనా. నాకు మగ్గం పని రాదు. టిక్కులు తీసెయ్."

"అన్నీనా మిస్?"

"కాపీ కొట్టిన పేపరుకు మార్కులేస్తామా?"

మర్నాడు గురువారం, భోజనాల వేళకు జిగణిలోనే ఇంకో మిల్లు ముందు దిగారు. హిందూపురం వైపు నుంచి వచ్చిన నేతగత్తె మునిలక్ష్మి సద్ది విప్పుకుని కూర్చుంది. నంజప్ప ఎవరో ఆమెకు తెలియదు.

"మీరు మాట అందివ్వకూడదు మిస్. వీడియో చూపిస్తా, అంతే" అని గుసగుసగా హెచ్చరించింది స్పందన.

ఫోనులో నాడె ఎగిరింది. మునిలక్ష్మి ముద్ద మింగి, "ఇదేం వింతమ్మా? లాళి దూకింది. పోయినేడు నా మోచేతికే తగిలె" అంది.

అక్కయమ్మ పెదవులు కదిలాయి. చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమాయ ఈయమ్మకు?"

"ఏం లేదక్కా. టీచరమ్మ. జవాబు కరెక్టయితే అట్లనే చేస్తాది" అంది స్పందన.

చుట్టూ ఆడవాళ్ళు చేరారు. "నాకు చూపీ, నాకు చూపీ" అని ఒకరిమీద ఒకరు వాలారు. సైరను కొట్టేసరికి పంతొమ్మిది మాటలు తేలాయి. అక్కయమ్మ ఒక్కో టిక్కూ తన చేత్తోనే పెట్టింది.

శనివారానికి ఇంకొక్క రోజే ఉంది. నలభై నాలుగు మాటలకు రెండో గొంతు ఇంకా దొరకలేదు.