ఉప్పలయ్య హాజరు

చేరిన వారానికే వాసంతికి పూనకం వచ్చినట్టయింది. యూనివర్సిటీలో ఎకనామిక్స్ గెస్ట్ లెక్చరర్ ఆమె. పిల్లలు వినడం కాదు, వాదించాలి! వెంటనే క్లాసు కోసం ఆన్‌లైన్‌లో చర్చావేదిక తెరిచి, "నగరానికి బస్సు మేలా, మెట్రో మేలా?" అని అడిగింది. జవాబులు వచ్చాయి: "గుడ్ మార్నింగ్ మేడం", "నైస్ టాపిక్ మేడం", ఒక గులాబీ బొమ్మ.

డిపార్ట్‌మెంట్ హెడ్ వెంకటనర్సయ్య సారు పకపకా నవ్వాడు.

"ఏందమ్మా, గిది చర్చనా, బర్త్‌డే విషెసా? సోమవారం దాక చూస్తా. లేకుంటే గా వేదిక బంద్ చేసి నోట్స్ చెప్పు."

తార్నాక మెట్రో కింద చాయ్ తాగుతుంటే వాసంతికి ఉపాయం తట్టింది. పిల్లలు మేడంతో వాదించరు, సాటివాడినైతే వదలరు. అక్కడికక్కడే ఫోన్‌లో, వేదిక మీద ఒక ఉత్తుత్తి కుర్రాణ్ని పుట్టించి, ఉప్పలయ్య అని పేరు పెట్టి, అతని చేత రాయించింది: "బస్సులన్నీ దండగ. మెట్రో ఎక్కలేనోళ్లు నడవాలె."

చాయ్ చల్లారక ముందే నిప్పంటుకుంది.

"ఏందన్నా, మా సీతాఫల్‌మండి గల్లీలకు మెట్రో మీ తాత తెస్తడా?" అని రాసింది రజిని. క్లాసులో ఎన్నడూ నోరు విప్పని పిల్ల! ఇమ్మానుయేల్ బస్సు డిపోకు పోయి కండక్టర్లను అడిగి వచ్చాడు. బాలరాజు ఏకంగా పాఠ్యపుస్తకం కొన్నాడు. ఉప్పలయ్య ఎంత మొండికేస్తే వాళ్లు అంత చదివారు.

సోమవారం సారు క్లాసుకే వచ్చాడు.

"శెభాష్ వాసంతమ్మా! గానీ, గా ఉప్పలయ్య ఎవడు? వాణ్ని చూడాలె."

వాసంతి హాజరు పట్టీ మూసేసింది. దొరికితే వేదికా పోతుంది, కొలువూ పోతుంది.

"ఉప్పలయ్యా!" సారు పిలిచాడు.

"ప్రజెంట్ సార్!" వెనక బెంచీల్లోంచి మూడు గొంతులు ఒకేసారి లేచాయి. ముఖం చూడకపోయినా సరే, రాని దోస్తుకు ప్రాక్సీ పలకడం ఆ క్లాసు ధర్మం.

"ఒక్కనికి మూడు నోర్లా?" సారు కళ్లెర్రజేశాడు.

రజిని లేచింది. ఆ గదిలో ఆమె గొంతు వినబడటం అదే మొదలు.

"ఇప్పుడే ఉరికిండు సార్. ఆఖరి పీరియడ్ దాక ఉంటే బస్సు దొరకదంట."

"బస్సా? మెట్రో ఏమాయె?"

"పాస్ బస్సుకే ఉన్నది సార్."

సారుతో సహా క్లాసంతా గొల్లున నవ్వింది. వేదిక బతికిపోయింది.

సాయంత్రం వాసంతి ఫోన్ తెరిస్తే ఉప్పలయ్య ఖాతాకు రజిని రాసి ఉంది: "ఉప్పలయ్యన్నా, అటెండెన్స్ మేం చూసుకుంటం. నువ్వు మాత్రం గట్లనే తప్పులు రాసుకుంట ఉండు."