అత్తయ్యకి అంటగట్టిన మాట

హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసీ చేసీ నాకు విసుగెత్తిపోయింది. ఎలాగైనా రిసెప్షన్ డెస్కులో కూర్చోవాలని నా పంతం. పోయినసారి ఇంటర్వ్యూలో ఏం అడిగినా ‘గుడ్’, ‘వెరీ గుడ్’ అనే ఏడ్చాను. తెలుగు ఒక్క ముక్క రాని మేనేజరు, “అతిథులతో మాట్లాడాలంటే ఇంకాస్త ఇంగ్లీషు కావాలమ్మా,” అని ఇంగ్లీషులోనే చెప్పి పంపేశాడు.

డిక్షనరీ కొన్నాను. పొద్దున్న బట్టీపట్టింది సాయంత్రానికి గోవిందా! ఇలా కాదని, ఒక్కో మాటా ఇంట్లో ఒక్కొక్కళ్ళకి అంటగట్టేశాను. సోఫా దిగని మా ఆయన ‘లెథార్జిక్’. వాగుడుకాయ మావయ్య ‘గారులస్’. అత్తయ్యకి ‘అబ్‌స్టినేట్’, అంటే మొండిఘటం. ఇక ఒక్కటి మర్చిపోతే ఒట్టు!

మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కదా. సరిగ్గా ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే వెళ్ళి ఆ మాట వాళ్ళమ్మ చెవిన వేశాడు. అత్తయ్య మొహం మాడ్చుకుని నాతో మాట్లాడ్డం మానేసింది.

అక్కడ ఇంటర్వ్యూలో మేనేజరు ఏం పరీక్ష పెట్టాడనుకున్నారు? “ఇంటికి ఫోన్ చేసి, నువ్వెలాంటిదానివో అడుగు. వాళ్ళు తెలుగులో చెప్పింది నాకు ఇంగ్లీషులో చెప్పు.” నా పైప్రాణాలు పైనే పోయాయి. చేస్తే, ఎత్తింది అత్తయ్యే.

“నువ్వెలాంటిదానివా? చెప్తా విను!” స్పీకర్ దద్దరిల్లింది. “నన్నంటావా, అసలు మొండిఘటానివి నువ్వు! పొయ్యిమీద పాలు పెట్టి ఇంగ్లీషు వల్లిస్తావు, అవి పొంగి పోతాయి! మీ మావయ్య వాగుడంతా నీకే అంటుకుంది. ఆదివారం వస్తే మంచం దిగవు, మొగుడికి తగ్గ పెళ్ళానివి!”

నాకు నవ్వు ఆగలేదు. వాళ్ళకి పంచిపెట్టిన మాటలన్నీ వరసగా నా నెత్తినే పడుతున్నాయి! ఆవిడ తిడుతూంటే నేను తడుముకోకుండా ఇంగ్లీషులో అప్పజెప్పేశాను. మేనేజరు పగలబడి నవ్వాడు.

అత్తయ్య కాస్త ఊపిరి తీసుకుంది. “అయినా నువ్వు లేకపోతే ఈ కొంపలో నేనెవరితో పోట్లాడనే, పిచ్చిపిల్లా? ఆ ఉద్యోగం తెచ్చుకునే రా,” అని పెట్టేసింది.



“చివర్లో ఏదో అన్నారే?” అడిగాడు మేనేజరు. ఇంగ్లీషు మాటలు నాలుక మీదే ఉన్నాయి. చెప్పబుద్ధి కాలేదు.

“అది నాకు చెప్పింది సార్, మీకు కాదు,” అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. అనేశాక భయమేసింది, నోటిదాకా వచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నానని.

ఆయన ముందున్న నా ఫైలు మూసేశాడు. “సోమవారం నుంచి డెస్కుకి రా. అతిథులు నీతో చెప్పుకున్నవీ ఇలాగే నీ దగ్గరే ఉంచుకో,” అన్నాడు.