ఏడో నెలలో దయ్యాల పుస్తకం

భవానికి ఏడో నెల వచ్చేసరికి అల్వాల్‌లోని ఆ ఇంట్లో దేవుళ్ళ పుస్తకాలు తప్ప ఏవీ మిగల్లేదు. కడుపుతో ఉన్నమ్మ మంచి మాటే వినాలి, మంచి కథే చదవాలి, విన్నదంతా లోపలి బిడ్డకు వంటబడుతుందని అత్తగారు శారదమ్మ నమ్మకం. ఆవిడకు చదువు రాదు. అయినా ఏ పుస్తకం మంచిదో ఏది చెడ్డదో అట్ట చూసి చెప్పగలదు. అట్ట మీద దీపం ఉంటే మంచిది, బావి ఉంటే చెడ్డది.

భవాని పన్నెండో ఏటి నుంచీ బావులున్న పుస్తకాలే చదివింది. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకునే మనిషికి దయ్యాల మీద ఈ మోజేమిటని మొగుడు తిరుమల్ మొదట్లో నవ్వేవాడు. ఆమెకు దయ్యాలున్నాయన్న నమ్మకమేమీ లేదు. కొందరికి మిరపకాయ బజ్జీ ఇష్టమైనట్టు ఆమెకు భయపడటం ఇష్టం, అంతే. అందులోనూ పట్టింపులున్నాయి. దయ్యం కాస్తా ఆస్తి కోసం బాబాయి వేసిన వేషమని చివర్లో తేలే నవలంటే ఒళ్ళుమంట. మూడొందల పేజీలు భయపెట్టి ఆఖర్న పోలీసులను పిలిపించే రచయితను ఆమె జన్మలో మళ్ళీ ముట్టదు.

నిరుడు ఐదో నెలలో కడుపు పోయింది. ఆ మధ్యాహ్నం ఆమె మంచం మీద సగం చదివిన నవల ఒకటి బోర్లా పడి ఉంది. డాక్టరమ్మ రిపోర్టులు చూసి, ఇందులో ఎవరి తప్పూ లేదని రెండుసార్లు చెప్పింది. శారదమ్మ మాత్రం ఆ పుస్తకాన్ని చీపురుతో గడప దాటించింది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే అదే. కాకపోతే ఆ ముడి గట్టిగానే పడింది, బంధువులందరికీ తెలిసింది. తిరుమల్ షెల్ఫులోని పుస్తకాలన్నీ రెండు సంచుల్లో కట్టి, కొన్న బోయిగూడ షాపులోనే తిరిగి ఇచ్చేసి వచ్చాడు. అన్నిటికంటే ఘోరమేమిటంటే, ఎవరికీ చెప్పలేదు గానీ, భవాని కూడా నమ్మింది. ఆ రోజు ఆ పేజీ దాకా వెళ్ళకుండా ఉంటే బిడ్డ దక్కేదేమోనని ఎన్నోసార్లు ఒంటరిగా ఏడ్చింది.

ఈసారి అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఇవాళ చెకప్‌లో బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. బయటికొచ్చి ఫోన్ చేస్తే ఆడపడుచు వసుధ సంతోషం పట్టలేకపోయింది.

"జూసినవా వదినా, పుస్తకాలు బంద్ చేసినవ్, కడుపు నిలవడ్డది."

భవాని ఆస్పత్రి మెట్ల మీదే నిలబడిపోయింది. వసుధ చెడ్డది కాదు, ప్రేమగానే అంది. కానీ సంగతి ఎటు పోతోందో భవానికి అప్పుడే తెలిసింది. ఇలాగే నోరు మూసుకుని నెలలు నిండి పండంటి బిడ్డను కంటే, మొదటి బిడ్డను పొట్టన పెట్టుకున్నది తల్లేనని రుజువైపోతుంది. పుట్టే బిడ్డే సాక్ష్యం. ప్రతి పుట్టినరోజుకీ ఆ మాట పాయసంతో పాటు వడ్డిస్తారు. ఆ మాట పడకూడదంటే చదవాలి. కాన్పయ్యాక కాదు, ఇప్పుడే. చదివాక ఏమైనా అయితే? అయినా ఆటో ఆపి బోయిగూడ అంది.

రిచర్డ్ అంకుల్ షాపంటే సందులో ఒక షట్టరు, నేల నుంచి కప్పు దాకా పాత పుస్తకాలు. ఆయన ఆమెను చూసి సంతోషించాడు, పొట్ట చూసి స్టూలు వేశాడు, ఏం కావాలో విని ముఖం ముడుచుకున్నాడు.

"ఇప్పుడెందుకమ్మా. డెలివరీ కానీ, మంచివి పక్కకు పెడ్త. ఇప్పటికి జెర నవ్వుకునేటివి తీస్కపో."

ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ దయ్యాలను అమ్మిన మనిషి ఆయన.

"మీరు సుత నమ్ముతరా అంకుల్?"

"నమ్మనమ్మా. కానీ రిస్క్ ఎందుకు?"

నమ్మనివాళ్ళందరూ చెప్పేది ఆ మాటే. తిరుమల్ కూడా పుస్తకాలు కడుతూ అదే అన్నాడు. భవాని లేచి తానే వెతుక్కుంది.

మొదట చేతికొచ్చింది బంగళాల రచయిత. ఆయన ప్రతి నవలలోనూ ఒక బంగళా, ఒక గుడ్డి కాపలావాడు, చివర్న బాబాయి. పక్కన పడేసింది. రెండోది వరంగల్ కుర్రాడెవరో కొత్తగా రాసింది. నాలుగు పేజీలు తిప్పేసరికి ఎనిమిది శవాలు తేలాయి. ఇతనికి భయానికీ అసహ్యానికీ తేడా ఇంకా తెలియలేదు, మరో రెండు రాశాక చూద్దాం అనుకుంది. మూడోది కాకినాడ వైపు రచయిత్రిది, ఎప్పుడూ వినని పేరు. మొదటి పేజీలో ఏ గొడవా లేదు. ఒకావిడ బియ్యం ఏరుకుంటోంది. పక్క గదిలో ఆవిడ గొంతే పాట పాడుతోంది. భవానికి మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఏడాది తరవాత ఇదే మొదలు. ప్రాణం లేచివచ్చింది.

"అది వద్దు," అన్నాడు రిచర్డ్. "దాంట్ల తల్లి, పసిబిడ్డ ఉన్నరు. అంత జిద్దు ఉంటే ఆ బంగళాది తీస్కో."

భవాని ఒక్క క్షణం బంగళా వైపు చూసింది. బిడ్డ లేని దయ్యాన్ని ఏరుకుంటే సగం నమ్మినట్టే. సగం నమ్మడానికి ఇంత దూరం రావడం దేనికి.

"ఇదే ఇయ్యండి," అంది. ఆయన సంచీ ఇవ్వబోతే వద్దంది. అట్ట అందరికీ కనబడేలా పట్టుకునే ఇంటికి వెళ్ళింది.

శారదమ్మ వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అట్ట మీద ఖాళీ ఊయల బొమ్మ చూసి లేవబోయింది.

"ఏందది?"

"దయ్యాల పుస్తకం, అత్తమ్మా."

"నీకు మతి గిట్ల పోయిందా? నిరుడు అయింది సాలలేదా? పో, గేటవతల పారేసి రా."

"పారెయ్య. ఈడనే చదువుత, మీ ముందట్నే చదువుత." భవాని కుర్చీ లాక్కుని కూర్చుంది. "నా బిడ్డను నేను తినలే. ఏ పుస్తకం తినలే. డాక్టరమ్మ చెప్పినా మీరు ఇనలే. రేపు బిడ్డ మంచిగ పుడితే సుత మీరంత గదే అంటరు. అందుకే ఇప్పుడు చదువుత."

"నేను నీ మంచికి చెప్తలేనా?"

"మీ కొడుకుకంటె ముందు మీకొక బిడ్డ కడుపులనే పోయిందంట గద. మీరేం పుస్తకం చదివిన్రు అత్తమ్మా?"

అనేశాక భవానికే తప్పనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు. శారదమ్మ చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

"గ్రహణం నాడు దోసకాయ కోసిన్నని అనిరి," అంది. "మా అత్త అన్నది. ఊరంత అన్నది."

"కోసిన్రా?"

"కోయలే. కత్తిపీట ముట్టనే ముట్టలే. ఆకలికి ఆగలేక మూలకు కూసోని కొరుక్కతిన్న. చెప్తె ఎవ్వరు నమ్మలే." ఆవిడ తల ఎత్తలేదు. "రాను రాను నాకు సుత అనుమానమొచ్చింది, కోసిన్ననే గావచ్చు అని. నలభై ఏండ్లాయె. ఇప్పటికి దోసకాయ నోట్లె పెట్టబుద్ధి కాదు."

భవానికి కోపం పోలేదు. అది అత్తగారిని వదిలి, ఆవిడను నలభై ఏళ్ళు అలా కూర్చోబెట్టిన మాట మీదికి మళ్ళింది.

"మీరు కోయలే అత్తమ్మా. కోసినా సుత ఏం కాకపోతుండె."

శారదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకైతే భయమైతుంది బిడ్డా."

"నాకు సుత భయమే. పుస్తకంతోని కాదు, మీరంత అనేదాంతోని."

ఆవిడ కాసేపు ఆ ఊయల బొమ్మనే చూసింది. "అయితే మనసుల సదువుకోకు. నాకు ఇనవడేటట్టు సదువు. ఏమున్నదో నేను సుత ఇంట."

భవాని పైకి చదవడం మొదలుపెట్టింది. బియ్యం ఏరే ఆవిడ, పక్క గదిలో పాట. నాలుగో పేజీలో పాట ఆగిపోయి, ఎవరూ లేని గదిలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆ వాక్యం దగ్గర భవాని చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది.

"ఆపకు," అంది శారదమ్మ, చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని కుర్చీ దగ్గరికి జరుగుతూ.

భవాని ఆపలేదు.