రెండో శాలువా

“మైకు చేతికిస్తే మూడు ముక్కలు చెప్పి కూచో. పద్యం ఎత్తుకుంటే దిగవు నువ్వు” అన్నాడు మాల్యాద్రి, బనీనుతో గుమ్మంలో నిలబడి.

కాశీరత్నం అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. సన్మానం ఆమెకు, ఇస్త్రీ ఆయన చొక్కాకు. ఇన్నేళ్లు నాటకాల్లోనూ, ఈమధ్య సినిమాల్లోనూ నటించినందుకు మార్కాపురం కళాసమితి వాళ్లు ఆ పూట ఆమెకు శాలువా కప్పుతున్నారు. పొదిలి దగ్గరి ఆ పల్లె నుంచి బస్సు అందుకోవాలంటే ఈలోగా బర్రెల దగ్గర ఊడ్చి, పాలు పోసొచ్చి, అత్తకు సంగటి కెలికి, మధ్యాహ్నానికి పప్పు వండి మూత పెట్టాలి. అన్నీ అయ్యాయి. తల దువ్వుకోవడం ఒక్కటే ఇంకా కాలేదు.

“నాకు గూడ ఒక శాలువా కప్పుతారంట. కళాసమితి కరుణాకరం సారు ఫోన్ చేసినాడు.”

“నీకెందుకు?” అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, కాలరు తిప్పి రుద్దింది. ఫోనన్నాడు గనక అడగాల్సిందే అడిగింది. “ఆ లక్ష్మీప్రియ ఏమన్నా ఫోన్ చేసిందా?”

“లేదంటి గదా! సినిమావాళ్ల మాటలు నమ్ముతావా ఏంది?”

నమ్మింది మరి. నాటకాల వాల్‌పోస్టర్ల మీద ఉండేది కాశీరత్నం బొమ్మ, కింద ఉండేది మాల్యాద్రి ఫోన్ నంబరు. ఎవరికి ఆమె కావాలన్నా ఆయన్నే అడగాలి. లక్ష్మీప్రియ మాత్రం ఫోన్‌తో సరిపెట్టకుండా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ చిన్న వయసుకే సినిమా తీస్తోంది. చాపమీద కూచుని కథ మొత్తం చెప్పింది. అడవి అంచున మేకలు కాసుకుంటూ ఒంటరిగా బతికే ఒక విధవరాలి కథ. సినిమా అంతా ఆమే. ఇంతవరకూ కాశీరత్నానికి దొరికిన సినిమా వేషాలేమిటని? హీరో అన్నం తింటుంటే విసనకర్ర విసిరే తల్లి. హీరో గెలిస్తే కొంగుతో కళ్లొత్తుకునే తల్లి. ఒక సినిమాలో ఒక్క మాటుంటే, అది కూడా కత్తిరించేశారు. అందుకే ఆ కథ విన్న రోజు నుంచి పక్క చేలోకి ఊళ్లో మేకలు కాసే మల్లి తన మందను తోలుకొస్తే ఈమె వెనకాలే నడిచేది. మేకల్ని అదిలించే కూత నేర్చుకుంది. ఫోన్ మోగిన ప్రతిసారీ చేతిలో పని ఆపి చెవి అటు పడేసేది. ఇంత ఆశ తనలో ఉందని ఆమెకే తెలియదు.

పద్యం ఆమెకు ఎవరూ నేర్పలేదు. బేస్తవారిపేట దగ్గర పుట్టిల్లు. నాయన ఓబులయ్య వసారాలో ఊరి మగవాళ్లకు హార్మోనియం మాస్టరు నాటకం చెప్పేవాడు. ఆ మగవాళ్లకు రాని పద్యాలన్నీ లోపల పిండి విసురుతున్న ఈ పిల్లకు వచ్చేశాయి. ఒకసారి బయటినుంచి రావాల్సిన ఆడవేషం ఆమె రాలేదు. మాస్టరే వచ్చి ఓబులయ్య గడ్డం పట్టుకున్నాడు. అట్లా ఎక్కింది స్టేజీ.

ఈ ఊళ్ల నాటకాలకు ఒక పద్ధతుంది. రాజు వేషం కట్టాలని ఊళ్లో పెద్దమనుషులందరికీ ఉబలాటమే. అందుకని రాజును పంచుకుంటారు. మొదటి రాజు ఒకరు, రెండో రాజు ఇంకొకరు, మూడో రాజు మరొకరు. తలా కాసేపు కిరీటం పెట్టుకుని, ఈలలు వేయించుకుని, దిగి టీ తాగుతారు. రాణి మాత్రం ఒక్కతే. మొదటి రాజుతో మొదలుపెట్టి మూడో రాజుదాకా, తెల్లవార్లూ ఆమే నిలబడాలి. వాళ్లు మరిచిపోయిన పద్యపాదాలు తన ఏడుపు మధ్యలో గొణిగి అందించాలి. చెయ్యి పట్టుకోవాల్సిన చోట అవసరానికి మించి పట్టుకుంటే, జనం ముందు వదిలించుకోకూడదు. వదిలించుకుంటే రాణి పాడైపోతుంది. పట్టుకున్నవాడికి ఏమీ కాదు.

మాల్యాద్రి కూడా ఒక రెండో రాజే. పద్యం నడిమధ్యలో నోరెండి నిలబడిపోతే ఆమె అందించింది. అందుకున్నాడు, వన్స్ మోర్ పడింది. ఆ చప్పట్ల మత్తులోనే పిల్లనడగడానికి వచ్చాడు. పెళ్లయ్యాక అతను కిరీటం ముట్టలేదు. “మా ఇంటి కోడలు మొగానికి రంగు పూసుకుంటే నలుగురిలో తలెత్తుకోలేం” అంది అత్త గురమ్మ. బోర్లు ఎండిపోయి మిరపతోట మాడాక ఆ రంగు మంచిదైపోయింది. “పిలిచినోళ్లను కాదంటే బాగుంటదా? పోయిరాపో” అంది. నాటకం ఆడి పొద్దున బస్సు దిగేసరికి మాత్రం, “రాణిగారు వచ్చిందా? ముందా పేడ ఎత్తు” అనేది. చెవుల పక్కన రంగు అట్లాగే ఉండగా కాశీరత్నం పేడ ఎత్తేది. మంచం మీదనుంచి మాల్యాద్రి, “రాత్రి ఎంతమంది మొగుళ్లే నీకు?” అని నవ్వేవాడు. నవ్విన ఆ నోటితోనే ఇంకో ఊరివాళ్లకు ఫోన్లో “రాండి, మాట్లాడుకుందాం” అనేవాడు. ఛీ, ఇన్నేళ్లు ఆ నవ్వుకు తను ఎట్లా ఊరుకుంది?

మార్కాపురంలో హాలు గడప తొక్కగానే లక్ష్మీప్రియ ఎదురొచ్చింది. మాల్యాద్రి అప్పటికే కరుణాకరం సారు పక్కన ఫోటోకు నిలబడ్డాడు.

“మీరు వద్దన్నారని చాలా బాధపడ్డామమ్మా. అయినా సన్మానమంటే చూడాలనిపించి వచ్చాను.”

“నేనెప్పుడు వద్దంటి?”

ఆ పిల్ల తడబడింది. “మీవారు ఫోన్లో చెప్పారు కదమ్మా. మొగుడు బతికుండగా బొట్టు చెరిపి తాళి తీసే వేషమా, పసుపుకుంకుమల కంటే సినిమా ఎక్కువా అని మీరన్నారట. అంటూ ఏడ్చారట కూడా.”

కాశీరత్నానికి ఒళ్లు మండిపోయింది. వద్దనడం ఒక ఎత్తు. ఆయన వద్దంటే పోట్లాడి ఉండేది, గెలిచేదో ఓడేదో. ఇది అది కాదు. ఆమె పేరు మీద మాటలు తయారుచేశాడు, ఆమె కళ్లల్లో నీళ్లు కూడా ఆయనే పెట్టాడు. ఆమె లేని చోట ఆమె వేషం కట్టి ఆడేశాడు మహానుభావుడు.

“వేరే ఆమెను ఖాయం చేసినావా?”

“లేదమ్మా. ఈ సాయంత్రం చెయ్యాలి.”

ఇంతలో పేరు పిలిచారు. రిటైరైన హెడ్మాస్టరు కరుణాకరం మైకు పట్టుకున్నాడు. “కాశీరత్నమ్మ గారి ప్రతిభ మనకు తెలుసు. కానీ ఆమె వెనకున్న త్యాగమూర్తి ఎవరు? భార్యను నాటకాలకు పంపించడానికి ఎంతమంది మగవాళ్లు ఒప్పుకుంటారండీ? ఆ విశాల హృదయానికి ముందుగా ఈ శాలువా!” చప్పట్లు మోగాయి. మాల్యాద్రి వంగి, సిగ్గుపడి, కప్పించుకున్నాడు. రెండో శాలువా ఆమెకు. ఆయనదానికే జరీ ఎక్కువ.

“భర్తగారి గురించి రెండు మాటలు చెప్పండమ్మా” అని కరుణాకరం మైకు అందించాడు.

“మా ఆయన నాకు పర్మిషన్ ఇచ్చినాడని సారు చెప్పినాడు. ఇచ్చినాడు, కాదనను” అంది కాశీరత్నం. “ఆయన సేద్యం చేస్తానంటే నేను గూడ వద్దనలేదు సార్. మిరపతోటలో నేనే కలుపు తీసినా, నేనే నీళ్లు కట్టినా. మొగున్ని సేద్యం చెయ్యనిచ్చిందని నాకెవురూ శాలువా కప్పలేదే!”

ఆడవాళ్ల వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వెనక్కి పాకింది. కరుణాకరం కూడా నవ్వాలో వద్దో తెలియక నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“లక్ష్మీప్రియమ్మా, ఆ వేషం నేను వేస్తా. వద్దన్నది నేను గాదు. నాతో మాట్లాడాలంటే ఇంక నాకే ఫోన్ చెయ్యి.”

హాలు బయట మాల్యాద్రి మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. జరీ శాలువా ఇంకా భుజం మీదే ఉంది. ముఖం మాడిపోయింది.

“పరువు తీసినావు గదే. నేను రాయిమాదిరి బతికుండంగ ముండమోసే వేషమా? జనం నన్నేమనుకుంటరు? పద, బస్సు పోతది. అమ్మకు అన్నం పెట్టాల.”

“పప్పు వండి పెట్టొచ్చినా. అన్నం నువ్వు పెట్టు.” ఆమె మోచెయ్యి విడిపించుకుంది. లక్ష్మీప్రియ షూటింగు జరిగే అడవి వైపు, యర్రగొండపాలెం పోయే కారు తలుపు తీసి పట్టుకుని ఉంది.

“ఆ వేషం నీకు చేతనైతదా?” అని వెనకనుంచి అరిచాడు.

ఒక కాలు కారులో పెట్టి కాశీరత్నం వెనక్కి తిరిగింది. “పెండ్లైనకాణ్ణించి నీ ఇంట్లో మొగుడున్నదాని వేషం వేస్తన్నా గదా. దానికంటే కష్టమా?”